భయపెట్టెడి పుస్తకము

గడచిన వర్షాకాలమున మా యింట నెల దినములపాటు ఒక నియమము జరిగినది. రాత్రి భోజనములు ముగిసి, వంటయిల్లు కడిగి, పెరటితలుపు గడియ వేసిన పిదప పిల్లలు ముందరి గదిలో చాపమీద చేరెడివారు. మా వారు తాము పని చేయు పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చిన ఒక ఆంగ్లనవలను చేతబట్టుకొని, వాక్యము వెంట వాక్యము చూచుకొనుచు తెలుగున చెప్పెడివారు. మేము మరునాటి కూర తరుగుకొనుచు వినెడివారము. ఆ పుస్తకము పేరు 'మూన్‌ఫ్లీట్'. దానిని రచించినవారు జాన్ మీడ్ ఫాక్నర్ అను ఆంగ్లేయుడు. అది అచ్చుపడినది 1898వ సంవత్సరమున. బాలురకొరకు వ్రాసిన నవల యని పేరేగాని, విన్న కొలదినములలోనే తరిగెడి కత్తిపీట మా చేతిక్రింద ఊరక నిలిచిపోజొచ్చినది.

మొదటి రాత్రి మేము అడ్డు చెప్పిన మాట దాచనేల? సమాధులట, శవపేటికలట, నల్లగడ్డపు దయ్యమట! పిల్లలు నిద్రపోవు వేళ ఇట్టి కథ యేల, పగటివేళ చెప్పరాదా యని అంటిమి. "పగలు చెప్పిన భయము వేయదు. భయము వేయనిచో ఈ కథకు ఉప్పు లేనట్లే" అని మా వారు నవ్వి పుట తెరచిరి. మా అభ్యంతరమునకు వేరొక కారణముండెను. మా అక్కగారు కాలధర్మము నొందిన పిదప ఆమె కుమారుడు మా యొద్దనే పెరుగుచున్నాడు. వాని తండ్రి అంతకు ముందే గతించెను. వానికి పండ్రెండేండ్లు, మా అమ్మాయికి తొమ్మిది. మృత్యువును అంత దగ్గరగా చూచిన పసివానికి మృతుల కథలు చెప్పవచ్చునా యని మా శంక. ఈ శంక మా యొక్కరిదే కాదు, ఎందరో తల్లులకు ఉండునది. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు కథ వినుడు. ఇంగ్లండు దక్షిణతీరమున డార్సెట్ అను సీమ కలదు. అచట సముద్రమునకు అడ్డుగా గులకరాళ్లతో ప్రకృతియే కట్టిన ఒక గట్టు సుమారు పదునెనిమిది మైళ్లు సాగియున్నది. దానికి చెసిల్ బీచి యని పేరు. గట్టునకు లోపలివైపున నిలిచిన ఉప్పునీటి మడుగు పేరు ఫ్లీట్. ఆ మడుగు ప్రక్కన మూన్‌ఫ్లీట్ అను పల్లెను కవి కల్పించెను. కాలము 1757వ సంవత్సరము. కథ చెప్పువాడు జాన్ ట్రెంచర్డ్ అను పదునైదేండ్ల బాలుడు, తల్లిదండ్రులు లేనివాడు. ఆ పల్లెను పూర్వమేలిన మోహూన్ వంశపు దొరలందరు చర్చిక్రింద నేలమాళిగలో శవపేటికలలో నిద్రించుచున్నారు. వారిలో ఒకడు, నల్లగడ్డమువాడని పేరుపడినవాడు, తాను దాచిన వజ్రమును వెదకుకొనుచు రాత్రులందు శ్మశానమున తిరుగునని ఊరివారి నమ్మకము.

ఒక శీతకాలమున సముద్రము పొంగి పల్లెను ముంచినది. నీరు తీసిన పిదప వచ్చిన ఆదివారమున అందరు చర్చిలో ప్రార్థన చేయుచుండగా, నేలక్రిందనుండి 'ధన్, ధన్' మని ఒక చప్పుడు పుట్టినది. ఒకమారు మెల్లగా, ఒకమారు గట్టిగా, పెట్టెలు పెట్టెలతో ఢీకొనినట్లు. ప్రార్థించుచున్న నోళ్లు మూతపడినవి. మోహూన్ దొరలు మాళిగలో లేచి ఒకరితో నొకరు పోరాడుచున్నారని స్త్రీలు వణకిరి. ఆ రాత్రి మా వారు అంతటితో పుస్తకము మూసిరి. మా అమ్మాయి మా కొంగు విడువలేదు.

కొన్ని దినములకు శ్మశానమున ఒక సమాధి ప్రక్కన నేల క్రుంగి బిలము కనబడినది. వజ్రము దొరకునను ఆశతో జాన్ ఒక్కడే క్రొవ్వొత్తి పట్టుకొని దానిలో దిగెను. మాళిగలో వాడు చూచినదేమి? వరుసవరుసలుగా సారాయి పీపాలు! రాజునకు సుంకము కట్టక సముద్రముమీద దొంగతనముగా దించిన సరకు. వరదనీటిపై తేలి ఒకదానితో నొకటి కొట్టుకొనినవి ఆ పీపాలే. పోరాడిన దయ్యములును అవియే. ఇంతలో సరకువాండ్రు రాగా బాలుడు ఒక పెద్ద శవపేటిక వెనుక దాగెను. వారు పోయిన పిదప లేవబోయి, పట్టు దప్పి, ఆ పేటికమీద చేయి వేయగా జీర్ణించిన కొయ్య పగిలిపోయెను. చేతికి మెత్తగా, తడిగా నేదో తగిలెను. సముద్రపు నాచు అనుకొనెను. అది నల్లగడ్డమువాని గడ్డము!

ఇచట ఒక మాట. మన ఆలంకారికులు భయానకమునకు భయము స్థాయిభావమనియు, అద్భుతమునకు విస్మయము స్థాయిభావమనియు చెప్పిరి. ఈ కవి నేర్పంతయు ఈ రెంటిని ఒకదాని ప్రక్కన ఒకటి నిలుపుటలోనున్నది. ముందు భయము కలిగించును, పిదప దాని మూలమును చూపి విస్మయము కలిగించును. దయ్యము పీపా యైపోవును. హమ్మయ్య యని ఊపిరి తీయుదుమో లేదో, ఆ నవ్వు పెదవిపైనుండగానే నిజమైన మృతుని గడ్డము చేతికి తగిలించును. అయినను ఆ మృతుడు లేచి వచ్చి ఎవరిని పట్టుకొనడు. ఈ నవలలో మనుష్యులకు కీడు చేసినవారందరు బ్రదికియున్న మనుష్యులే. ఈ సంగతి పెద్దలు ఉపదేశముగా చెప్పిన పిల్లలు వినరు. కథ చెప్పగా మా పిల్లలు తామే కనిపెట్టిరి.

మన పూర్వులు పిల్లలకు భయపు కథలు చెప్పలేదా? విక్రమార్కుడు అర్ధరాత్రమున శ్మశానమునకు పోయి, చెట్టున వ్రేలాడు శవమును భుజమున వేసికొని వచ్చుచుండ, ఆ శవమునందలి బేతాళుడు కథలు చెప్పెనని వినని తెలుగు బాలుడు కలడా? ఆ కథలలో శవమెంత భయంకరమో, శవమును మోయు రాజు గుండె అంత నిబ్బరము. వినెడి పిల్లవాడు శవము పక్షమున నుండడు, రాజు పక్షముననే యుండును. జాన్ పక్షమున మా పిల్లలుండుటయు అట్టిదే.

ఇక మా కథకు వచ్చెదము. మాళిగలోనికి దిగిన బిలమును సరకువాండ్రు తెలియక రాతిపలకతో మూసివేయగా, జాన్ అచటనే చీకటిలో చిక్కి స్పృహ దప్పెను. ఊరి పూటకూటియింటి యజమాని ఎల్జివిర్ బ్లాక్ అనునతడు వానిని వెదకి తీసి, తన యింట పరుండబెట్టి బ్రదికించెను. ఆ యెల్జివిర్ దొంగసరకు దించువారిలో నొకడు. కొలదికాలము క్రిందటనే అతని ఒక్కగానొక్క కుమారుడు సుంకపు అధికారులతో జరిగిన పెనుగులాటలో మేజిస్ట్రేటు తుపాకికి బలియైయుండెను. బాలుడు కోలుకొని తన్ను పెంచుచున్న స్త్రీ యింటికి పోయెను. ఆమె వానికి తల్లి వైపు చుట్టము, పినతల్లి వరుస. అన్నము పెట్టుటలో లోపము చేయదు, శుభ్రము నేర్పును, గ్రంథములు చదివించును. అయిన నామెకు నవ్వుట తెలియదు. ఇన్ని దినములు ఎచటనుంటివో అచటికే పొమ్మని గుమ్మములోననే చెప్పి, ఆమె తలుపు మూసెను.

మా వారు ఈ మాట చెప్పినప్పుడు మేము తల యెత్తలేదు. కథ మొదలుపెట్టుటకు రెండు నెలల ముందు మా యింట జరిగిన సంగతి యిది. ఒకనాడు మా అక్కగారి కుమారుడు దీపములు పెట్టిన రెండు గంటలకుగాని ఇల్లు చేరలేదు. తోటివారితో గూడి ఊరి చివరనున్న పాడుపడిన సత్రమునకు పోయెనని తెలిసినది. ఆ రెండు గంటలును మేము పడిన ఆవేదన యింతింత యని చెప్పలేము. వాడు గుమ్మమెక్కగానే ఆ ఆవేదనయంతయు కోపమైనది. "ఇంతసేపు ఎక్కడనుంటివో అక్కడనే యుండుము" అని తలుపు మూసితిమి. తిరిగి తీయుటకు అరగంట పట్టలేదు. తీసి చూడగా వాడు అరుగుమీద మోకాళ్లు ముడుచుకొని కూర్చుండియుండెను. ఏడ్వలేదు. మారు పలుకక లోనికి వచ్చి అన్నము తిని పరుండెను. మేమును ఆ మాట మరల ఎత్తలేదు. క్రమశిక్షణ నేర్పితిమని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిమి.

కడలి కావల ఎన్నడో ఒక దొర వ్రాసిన పుస్తకమున మా మాట మాకు వినబడునని ఎవరనుకొందురు? ఆ రాత్రి చాపమీద వాడు పుస్తకము వైపు గాక మా వైపు చూచెను.

మరునాడు మధ్యాహ్నము మేము బియ్యము చెరుగుచుండగా వాడు వచ్చి ప్రక్కన కూర్చుండెను. "పిన్నీ, ఆ జాన్ పిన్ని మరల తలుపు తీయలేదా?" అని యడిగెను. తీయలేదు నాయనా యంటిమి. కొంతసేపు నూకలు ఏరుచు ఊరకుండి, "నీవు తీసితివి గదా" అనెను. ఏమి చెప్పుదుము? ఆ రాత్రి మేము తలుపు వెనుకనే గడియమీద చేయి పెట్టుకొని నిలిచియుంటిమని చెప్పితిమి. అది నిజము. కాని రెండు నెలలు చెప్పలేదు. అప్పుడు వాడును చెప్పని మాట చెప్పెను. ఆ సత్రమున పొద్దు క్రుంకిన పిదప చనిపోయినవారు కనబడుదురని తోటిపిల్లలు చెప్పిరట. భయపడి అందరు పరుగెత్తి వచ్చిరట. వాడు మాత్రము అచటనే కూర్చుండెనట. "అమ్మ కనబడునేమో యనుకొంటిని" అనెను.

చేట ప్రక్కన పెట్టి వానిని దగ్గరకు తీసికొంటిమి. అంతకు మించి వ్రాయుటకు మాటలు లేవు. దయ్యపు కథ ఆ బాలుని చెరచునని మేము భయపడితిమి. ఆ కథ రానిచో వాని మనస్సులోని ఆ మాట ఎన్నడు బయటికి వచ్చియుండెడిదో! చీకటి కథ విన్నందున పిల్లవానికి క్రొత్తగా చీకటి పుట్టదు. వానిలో మునుపే యున్న చీకటికి ఒక పేరు దొరకును. పేరు దొరకిన దానిని గురించి మాటలాడవచ్చును.

పిల్లలు ఈ పుస్తకమునుగూర్చి ఒక ధర్మసందేహమును లేవదీసిరి. ఎల్జివిర్ మంచివాడు గదా, దొంగసరకు ఎట్లు దించెను? మా వారు ఆ కాలపు ఆర్థికస్థితిని విడమరచి చెప్పిరి. అప్పటి యింగ్లండులో తేయాకుమీద, సారాయిమీద సుంకములు మితిమీరియుండెను. తేయాకు సుంకము సరకు వెలకంటె ఎక్కువగా 119 పాళ్ల వరకు పెరిగినది. తీరమునందలి పల్లెలకు పల్లెలే దొంగసరకులో పాలుపంచుకొనెడివి. 1784లో ఆ సుంకమును ఒక్కమారుగా పండ్రెండున్నర పాళ్లకు తగ్గింపగా తేయాకు దొంగసరకునకు లాభము లేకపోయెను. కారణము తెలిసినంత మాత్రమున చేసిన పని ఒప్పు కాదు. కవియు ఆ పని ఒప్పని చెప్పలేదు. ఎల్జివిర్ ఆ పనికి తన యిల్లును, ఊరును, శాంతిని చెల్లించుకొనెను. మంచివాడు తప్పు చేయవచ్చును, చేసిన తప్పు వానిని విడువదు. పండ్రెండేండ్ల వాడు గ్రహింపలేనంత కష్టమైన నీతి కాదిది.

కథలోని వజ్రముమాట చెప్పవలెను. మాళిగలో శవము మెడనున్న పతకము జాన్‌కు చిక్కెను. అందులో కీర్తనల వాక్యములు వ్రాసిన కాగితమొకటి తప్ప మరేమియు లేదు. వాక్యములు సరియైనవే, వాని ప్రక్కనున్న అంకెలు మాత్రము తప్పు. ఆ తప్పే తాళపుచెవి. వాక్యమున ఆ సంఖ్యగల పదమును లెక్కించి ఏరుకొనినచో అర్థము బయటపడును. ఒక పద్యమున వేరొక పద్యమును దాచిన మన గర్భకవిత్వము చదివినవారికి ఈ ఘట్టము మిక్కిలి రుచించును. మా వారు మరునాడు పిల్లలచేత ఇట్టి రహస్యపు చీటీలు వ్రాయించిరి. మూడుదినములు మా యింట ఉప్పుడబ్బాలోను, పూజాపీఠము క్రిందను చీటీలే.

ఆ చీటీ చూపినది కారిస్‌బ్రూక్ కోటలోని బావి. ఆ కోట నిజముగా కలదు. మొదటి చార్లెసు రాజును ఆయన ప్రజలే 1647 నవంబరులో అచట నిర్బంధించిరి. 1648 మార్చిలో ఆయన తప్పించుకొన జూచి కిటికీ కమ్ములనడుమ ఇరుకుకొని విఫలుడయ్యెను. 1649 జనవరి 30వ తేదీన ఆయన శిరచ్ఛేదము జరిగినది. నల్లగడ్డమువాడు ఆ రాజును కావలి కాయుచు, విడిపింతునని వజ్రము పుచ్చుకొని మాట తప్పెనని నవలలోని కల్పన. కోటబావినుండి గాడిదలు పెద్దచక్రము లోపల నడచుచు నీరు తోడుట నేటికిని చూపుదురట. జాన్ ఆ బావిలో ఎనుబది అడుగుల లోతునకు చేదలో దిగెను. ఈ ఘట్టము విన్న పిదప మా అమ్మాయి నాలుగుదినములు పెరటిబావి వైపు పోలేదు. అయిదవనాడు తానే పోయి లోనికి తొంగిచూచి, "ఇందులో వజ్రములేదు, కప్పయే యున్నది" అని చెప్పి వచ్చెను. భయము తీరుటకు ఆమె కనిపెట్టిన ఉపాయమది. మేము ఎగతాళి చేసియుండినచో ఆ ఉపాయము తోచెడిది కాదు.

ఆ వజ్రమునకు మన తెలుగునేలతో చుట్టరికముండవచ్చును. బ్రెజిల్ దేశపు గనులు లోకమునకు తెలిసినది 1720 తరువాతనే. అంతకు ముందు ఐరోపా రాజుల కిరీటములకెక్కిన వజ్రములలో చాలభాగము మన కృష్ణాతీరపు గనులనుండి గోలకొండ మీదుగా పోయినవే. పదునేడవ శతాబ్దమున టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు కొల్లూరు గనిని చూచి, అచట 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసెను. కావున నవలలోని వజ్రము నిజమైనదే యైనచో, కృష్ణయొడ్డున ఏ తెలుగుతల్లి గంపలోని మట్టినుండియో బయటపడి యుండునని మేము అనగా, పిల్లలకు కథ మరింత తమదైనట్లు తోచెను.

వజ్రముమీద ఒక శాపమున్నది. అక్రమముగా పట్టుకొనినవానికి అది శాంతి నీయదు. దానికొరకు మాట తప్పినవాడు దయ్యమని పేరు మోసెను. బావికడ దానిని లాగుకొన జూచిన కాపలాదారు ఆ బావిలోననే పడెను. హాలండులో దానిని కొనెడి వర్తకుడు అది ఉత్త గాజని అబద్ధమాడి కాజేసెను. జాన్‌ను ఎల్జివిర్‌ను చెరపాలు చేసి ఏండ్లకొలది రాళ్లు మోయించెను. ఇది వినగానే మా అమ్మాయి "శమంతకమణి కథ వలె నున్నది" అనెను. ఎంత సరియైన మాట! ప్రతి వినాయకచవితికి అక్షతలు చేతబట్టుకొని వినెడి కథ యది. మణిని ధరించిన ప్రసేనుడు సింహముచే మడిసెను, సింహము జాంబవంతునిచే మడిసెను, సత్రాజిత్తు నిద్రలో హతుడయ్యెను, ఏ పాపమెరుగని శ్రీకృష్ణునకే నింద తప్పలేదు. నింద బాపుకొనుటకై ఆయనయు జాడలు పట్టి ఒంటిగా చీకటిగుహలోనికి పోవలసివచ్చెను. దూరదేశపు నవలయు మన పురాణమును ఒకే మాట చెప్పుచున్నవి. రాయి యెవరిని చంపదు. రాతిమీది ఆశ చంపును.

ఒక వింత గమనింపుడు. మోహూన్ వంశపు చిహ్నము ఆంగ్లమున 'వై' అను అక్షరమును పోలినది. అది ఊరి పూటకూటియింటి పలకమీదనున్నది, శవపేటికమీదనున్నది, బావిలో వజ్రము దాచిన ఇటుకమీదనున్నది. కట్టకడపట చెరలో జాన్ చెంపమీద కాల్చిన ముద్రయు ఆ యక్షరమే. మా వాడు దీనిని ముందుగా కనిపెట్టి గంతులు వేసెను. ఒక సంగతిని తానే పట్టుకొనిన పిల్లవానికి కలుగు ఆనందము, పండుగనాటి క్రొత్తబట్టలకును కలుగదు.

ఈ నవలలో స్త్రీపాత్రలు తక్కువ. కాని గ్రేస్ అను బాలికయొకతె కలదు. ఆమె ఆ క్రూరుడైన మేజిస్ట్రేటు కూతురే. తండ్రి హతుడైన పిదపయు, జాన్ దేశాంతరము పాలైన పిదపయు, ఆమె ప్రతిరాత్రి తన కిటికీలో ఒక దీపము పెట్టుచుండెను. సముద్రముమీది పడవలవారికి అది గురుతు. రానివానికొరకు ఏండ్ల తరబడి ఆరని దీపము! కడపట చెరలోనివారిని జావాద్వీపమునకు గొనిపోవు ఓడ తుపానునకు చిక్కి, తిరిగి తిరిగి ఆ మూన్‌ఫ్లీట్ రేవులోనికే కొట్టుకొనివచ్చెను. చిమ్మచీకటిలో జాన్‌కు కనబడినది ఆ దీపమే. పిదప ఆ తీరమున నేమి జరిగినదో మేము చెప్పము. చదువబోవువారి కన్నీటిని మేము ముందుగా కాజేయరాదు. ఒక మాట మాత్రము చెప్పగలము. తండ్రి కాని తండ్రి ఎట్లుండునో ఆ పుటలలో తెలియును. ఆ రాత్రి కథ ముగించుటకు మా వారి గొంతు రెండుమారులు ఆగినది.

గ్రంథకర్తనుగూర్చి కొంత. ఫాక్నర్ గారు 1858లో పుట్టి 1932లో గతించిరి. ఆయన వృత్తి నవలారచన గాదు. న్యూకాసిలులో తుపాకులు, ఓడలు తయారుచేయు ఒక గొప్ప కంపెనీలో చేరి, 1915లో దానికి అధ్యక్షులైరి. ప్రాతలిపులు చదువుటయందు, చర్చిల శిల్పమునందు ఆయనకు ప్రీతి మెండు. డర్హము దేవాలయపు గ్రంథభాండాగారమునకు అధికారిగా నుండిరి. ప్రకటించిన నవలలు మూడే, వానిలో 'మూన్‌ఫ్లీట్' రెండవది. కథకు ఆధారమైన ఫ్లీట్ అను పల్లె నేటికిని కలదు. 1824 నవంబరున సముద్రము చెసిల్ గట్టును దాటి వచ్చి ఆ పల్లెలోని ప్రాతచర్చిని పడగొట్టినది. దాని యొక భాగము మాత్రము మిగిలినది. అందు మోహూన్ వంశమువారి స్మారకఫలకములున్నవి. కావుననే వరద, మాళిగ, వంశము కల్పనలైనను కనులకు కట్టినట్లుండును.

ఇట్టి పుస్తకమును పిల్లలకు చదివి వినిపింపదలచిన సోదరీమణులకు మా అనుభవమువలన తెలిసినవి రెండు మూడు కలవు. పిల్లవానిని ఒంటిగా వదలి ఇట్టి కథ చదువనీయక, ఇల్లంతయు ఒకచోట కూర్చుండి వినుట మేలు. భయపు ఘట్టమున ఆపినచో ఆ రాత్రి నిద్ర చెడును. పీపాలవలె భయము విడిపోవు చోట ఆపవలెను. మొదట చర్చిలోని చప్పుడుకడ ఆపి మేమును ఈ పాఠము నేర్చుకొంటిమి. "ఇంత పిరికివా?" యని ఎన్నడు అనరాదు. కథ ముగిసిన మరునాడు పనుల నడుమ పిల్లవాడు ప్రక్కన వచ్చి కూర్చుండినచో, చేతిలో పని యున్నను చెవి వానికి ఈయవలెను. అసలు మాట అప్పుడే వచ్చును.

ఇప్పుడు మా యింట ఒక క్రొత్త అలవాటు పడినది. ప్రొద్దు క్రుంకిన పిదప పిల్లలలో ఎవరైన బయటనున్నచో ముందరి కిటికీలో దీపము వెలిగించి పెట్టుదుము. దీనికి కారణము ఎవరు ఎవరికి చెప్పలేదు. మొదటినాడు వాడు వీథిమలుపునుండియే చూచి, నడక వడి చేసి, గుమ్మములో కాళ్లు కడుగుకొనుచు, "పిన్నీ, దీపము కనబడినది" అని మాత్రమనెను. ఆలస్యము చేసినందుకు మందలించితిమి. తలుపు మాత్రము తెరచియేయుండెను.

పుస్తకమును గ్రంథాలయమునకు ఇచ్చివేసి చాలదినములైనది. మా వాడు దానిని మరల తెచ్చి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని ఆంగ్లమున తానే చదువుచున్నాడు. దయ్యములకు తాను భయపడనని తోటివారితో చెప్పుచున్నాడట. కాని మాళిగ ఘట్టము వచ్చినప్పుడు పుస్తకముతోసహా వంటయింటిలోనికి వచ్చి, మా ప్రక్కన పీట వేసికొని కూర్చుండెను. ఎందులకు వచ్చితివని మేము అడుగలేదు.